స్వేచ్ఛకు మూల్యం: హైతీ ఋణంపై ఒక నైతిక విచారణ

అప్పు తీర్చడం ధర్మమనే భావన మానవ సమాజాల్లో అత్యంత ప్రాచీనమైనది. మన సంప్రదాయం మనిషిని పుట్టుకతోనే ఋణగ్రస్తుడిగా భావించింది. దేవఋణం, ఋషిఋణం, పితృఋణం అతనితో పాటే జన్మిస్తాయని చెప్పింది. తీసుకున్నవాడు తిరిగి ఇవ్వాలనే సూత్రం మీదనే వర్తకం, కుటుంబం, రాజ్యం నిలిచి ఉన్నాయి. అయితే ఋణమనే మాటకు ఇంతటి గౌరవం ఉన్నందువల్లనే అందులో ఒక ప్రమాదం కూడా పొంచి ఉంది. బలవంతుడు తన దోపిడికి ఋణమని పేరు పెట్టి, దోపిడికి గురైనవాడి చేతనే దానిని తీర్పించగలడు. అటువంటి సందర్భంలో చెల్లించినవాడు చరిత్రలో బాకీదారుడుగా నమోదవుతాడు. వసూలు చేసినవాడు మర్యాదస్తుడైన ఋణదాతగా మిగిలిపోతాడు.

బానిసత్వం నుండి విముక్తుడైన మనిషి, తనను బానిసగా ఉంచినవాడికి ఏమైనా బాకీ పడతాడా? ఒక తరం బలవంతంగా చెల్లించిన దానిని మరొక తరం తిరిగి అడగవచ్చునా? ఈ ప్రశ్నలు పండితుల వాదసభకు మాత్రమే పరిమితమైనవి కావు. కరేబియన్ సముద్రంలోని ఒక దేశం ఈ ప్రశ్నలకు సమాధానాన్ని వందేళ్లకు పైగా తన కాఫీ పంటతో చెల్లించింది. ఆ దేశం హైతీ.

ముత్యం వంటి వలస

1492లో కొలంబస్ అడుగుపెట్టిన హిస్పానియోలా ద్వీపంలో తైనో ప్రజలు నివసించేవారు. స్పానిష్ పాలన మొదలైన కొద్ది దశాబ్దాలలోనే వ్యాధులకు, గనులలోని వెట్టిపనికి, హింసకు ఆ జాతి దాదాపు నశించింది. 1697లో కుదిరిన రిస్విక్ సంధితో ద్వీపపు పశ్చిమ భాగంపై ఫ్రాన్సు అధికారం స్థిరపడింది. సాన్ దొమాంగ్ అనే ఆ వలస 18వ శతాబ్దంలో ప్రపంచంలోకెల్లా సంపన్నమైన తోటల దేశంగా ఎదిగింది. యూరప్ వినియోగించే చక్కెరలో సుమారు ఐదింట రెండు వంతులు, కాఫీలో సగానికి పైగా అక్కడి నుండే వచ్చేవని అంచనా. బోర్డో, నాంత్ వంటి ఫ్రెంచి రేవుపట్టణాల భవంతులకు ఆ చక్కెరే పునాది.

ఆ సంపదను సృష్టించినది ఆఫ్రికా నుండి తెచ్చిన బానిసల శ్రమ. ఒక్క 18వ శతాబ్దంలోనే ఏడు లక్షలకు పైగా మనుషులను ఓడలలో అక్కడికి చేర్చారు. అయినప్పటికీ 1789 నాటికి అక్కడ ఉన్న బానిసల సంఖ్య ఐదు లక్షలకు మించలేదు. జననాలను మించిన మరణాలే దీనికి కారణం. పనివాడిని పోషించి బ్రతికించుకోవడం కంటే కొత్తవాడిని కొనడమే చౌక అని లెక్క వేసిన వ్యవస్థ అది. 1685 నాటి ‘కోడ్ నువార్’ అనే రాజశాసనం బానిసను చరాస్తిగా నిర్వచించింది. ఈ ఒక్క నిర్వచనాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి. నూటనలభై ఏళ్ల తరువాత పరిహారపు లెక్క దీని మీదనే కట్టబడింది.

1791 ఆగస్టులో ఉత్తర ప్రాంతపు తోటల్లో తిరుగుబాటు రగిలింది. 1793లో అక్కడి ఫ్రెంచి కమిషనర్లు, 1794 ఫిబ్రవరిలో పారిస్‌లోని విప్లవసభ బానిసత్వాన్ని రద్దు చేయక తప్పలేదు. తాను కూడా ఒకనాడు బానిసగా ఉన్న తూసాన్ లూవెర్చూర్ సేనానిగా ఎదిగి, 1801లో ఆ వలసకు ఒక రాజ్యాంగాన్నే ప్రకటించాడు. నెపోలియన్ దానిని సహించలేదు. 1802లో పెద్ద సైన్యాన్ని పంపాడు. అదే ఏడాది ఇతర వలసలలో బానిసత్వాన్ని తిరిగి నిలబెట్టే శాసనం చేశాడు. నిర్బంధితుడైన తూసాన్ 1803 ఏప్రిల్‌లో ఫ్రాన్సులోని జూ కోటలో మరణించాడు. పచ్చజ్వరం, ప్రజాప్రతిఘటన కలిసి ఫ్రెంచి సేనను కూల్చివేశాయి. 1803 నవంబరు 18న వెర్తియేర్ వద్ద తుది విజయం లభించింది. 1804 జనవరి 1న జాన్ జాక్ డెసలీన్ స్వాతంత్ర్యాన్ని ప్రకటించి, దేశానికి తైనోల నాటి పేరైన హైతీని తిరిగి ఇచ్చాడు. ఆ వెంటనే అతని ఆజ్ఞపై, మిగిలి ఉన్న ఫ్రెంచివారిలో అత్యధికులు వధింపబడ్డారన్నది కూడా ఈ చరిత్రలో భాగమే. దానిని దాచి వాదించేవాడు న్యాయం తరఫున వాదించినట్లు కాదు.

పద్నాలుగు ఓడలు, ఒక శాసనపత్రం

యుద్ధంలో గెలిచిన దేశానికి లోకంలో గుర్తింపు దొరకలేదు. బానిసలు తమ బాహుబలంతో నిర్మించుకున్న రాజ్యం చుట్టుపక్కల ఉన్న బానిస యజమానులకు ఒక పీడకల. అమెరికా సంయుక్త రాష్ట్రాలు 1862 వరకు హైతీని గుర్తించలేదు. ఫ్రాన్సు మళ్లీ దండెత్తుతుందన్న భయం ఇరవై ఏళ్ల పాటు ఆ దేశాన్ని వదలలేదు. తీరప్రాంతాన్ని విడిచి కొండలమీద కోటలు కట్టుకోవడంలోనే దాని ఆదాయం ఖర్చయింది.

1825 ఏప్రిల్ 17న ఫ్రెంచి రాజు పదవ చార్లెస్ ఒక శాసనం జారీ చేశాడు. హైతీ రేవుల్లో ఫ్రెంచి సరుకుకు సుంకం సగమే ఉండాలి. ఆస్తులు కోల్పోయిన పూర్వపు వలసదారుల పరిహారం నిమిత్తం హైతీ ఐదు సమాన వాయిదాలలో 15 కోట్ల ఫ్రాంకులు చెల్లించాలి. ఈ షరతుల మీద మాత్రమే రాజు ఆ ప్రజలకు స్వాతంత్ర్యాన్ని ‘అనుగ్రహిస్తాడు’. ఇరవై ఒక్క ఏళ్ల క్రితమే గెలుచుకున్న దానిని రాజు ఇప్పుడు దానం చేస్తున్నాడన్నమాట. శాసనపత్రాన్ని తీసుకొని బ్యారన్ మాకో జూలైలో పోర్టో ప్రిన్స్ చేరాడు. అతనికి అండగా 14 యుద్ధనౌకలు వచ్చాయి. అధ్యక్షుడు జాన్ పియేర్ బోయే జూలై 11న అంగీకరించాడు.

కోరిన సొమ్ము హైతీ ప్రభుత్వ వార్షికాదాయానికి ఎన్నో రెట్లు. మొదటి వాయిదా కోసమే పారిస్ బ్యాంకర్ల వద్ద 3 కోట్ల ఫ్రాంకులు అప్పు తేవలసి వచ్చింది. అందులో 60 లక్షలు బ్యాంకర్లే ముందుగా మినహాయించుకోగా చేతికి వచ్చినది 2 కోట్ల 40 లక్షలు. పరిహారం ఒక భారం, పరిహారం కోసం చేసిన అప్పు మరొక భారం. చరిత్రకారులు దీనిని ‘జంట ఋణం’ అని వ్యవహరిస్తారు. 1838లో కుదిరిన ఒప్పందంలో ఫ్రాన్సు స్వాతంత్ర్యాన్ని బేషరతుగా గుర్తించి, పరిహారాన్ని మొత్తం 9 కోట్లకు తగ్గించింది. పూర్వ వలసదారులకు, వారి వారసులకు చెల్లింపులు 1880ల వరకు సాగాయి. పాత అప్పు తీర్చడానికి కొత్త అప్పులు పుట్టాయి. 1914 డిసెంబరులో అమెరికా నౌకాసైనికులు హైతీ జాతీయ బ్యాంకు నుండి 5 లక్షల డాలర్ల బంగారాన్ని న్యూయార్క్‌కు తరలించారు. మరుసటి ఏడాది మొదలైన అమెరికా సైనికాధిపత్యం 1934 వరకు కొనసాగింది. ఆ కాలంలో పాత బాకీలు అమెరికా అప్పుగా రూపం మార్చుకున్నాయి. 1825లో మొదలైన ఈ గొలుసులోని చివరి కొక్కెం 1947లో గాని తెగలేదు.

ఈ ధనం ఎవరిది? హైతీ ఖజానాకు ప్రధానమైన ఆదాయం కాఫీ ఎగుమతి సుంకం. అంటే కొండవాలున చిన్న కమతంలో కాఫీ పండించే రైతే ఆ పరిహారాన్ని భరించాడు. అతని తండ్రి కొరడా దెబ్బల కింద పనిచేశాడు. అతడు ఆ కొరడా పట్టిన చేతికి నష్టపరిహారం కట్టాడు. బడికి, బాటకు, వైద్యశాలకు వెళ్ళవలసిన సొమ్ము సముద్రం దాటింది. హైతీ అధీనంలోకి 1822లో వచ్చిన ద్వీపపు తూర్పు భాగంపై కూడా ఈ పన్నుల భారం పడింది. అక్కడి ప్రజల్లో పెరిగిన అసంతృప్తికి ఇదొక కారణమై, 1844లో డొమినికన్ రిపబ్లిక్ వేరుపడింది.

ఆస్తి అనే వాదం

ఫ్రాన్సు కోరిక లోకంలో వింతగా కనిపించలేదన్నది గమనించవలసిన విషయం. 1833లో బ్రిటిష్ పార్లమెంటు బానిసత్వాన్ని రద్దు చేసినప్పుడు యజమానులకు 2 కోట్ల పౌండ్లు పరిహారంగా ఇచ్చింది. అందుకు తెచ్చిన అప్పు తాలూకు బాండ్లు 2015లో గాని పూర్తిగా తీరలేదు. విముక్తులకు ఒక్క పౌండు కూడా దక్కలేదు; పైగా 1838 వరకు వారు ‘శిక్షణార్థులు’ అనే పేరుతో అదే యజమాని వద్ద కూలి లేకుండా చాకిరి చేశారు. ఆ తరువాత ఆ తోటల కొరత తీర్చడానికే భారతదేశం నుండి ఒప్పందపు కూలీలను ఓడలెక్కించారు. వారిలో మద్రాసు రాజధానికి చెందిన తమిళులు, తెలుగువారు కూడా ఉన్నారు. 1848లో తన మిగిలిన వలసలలో బానిసత్వాన్ని రద్దు చేసిన ఫ్రాన్సు, మరుసటి ఏడాది యజమానులకే పరిహారం మంజూరు చేసింది. 1862లో వాషింగ్టన్ నగరంలోనూ అదే జరిగింది. రష్యాలో 1861లో విముక్తులైన భూదాసులు తమకు వచ్చిన భూమికి దశాబ్దాల పాటు విమోచన ధనం కట్టారు.

ఈ నిర్ణయాల వెనుక ఉన్న తర్కం ఒక్కటే. చట్టం ఒకనాడు ఆస్తిగా గుర్తించిన దానిని చట్టమే తీసివేస్తే, ఆస్తిపరుడికి నష్టం పూడ్చాలి. ఈ తర్కాన్ని తేలికగా కొట్టిపారవేయరాదు. రాజ్యం నేడు ఇచ్చిన హక్కును రేపు లాగివేసుకుంటే పౌరుడికి భద్రత ఎక్కడ? పైగా సాన్ దొమాంగ్ నుండి పారిపోయిన వలసదారుల్లో అందరూ ధనికులు కారు; ఫ్రాన్సులో ప్రభుత్వ భత్యంపై బ్రతికినవారు, దిక్కులేని వితంతువులు కూడా ఉన్నారు. వారి దుఃఖం అబద్ధం కాదు.

కాని ఈ వాదం ఒకచోట తెగిపోతుంది. చట్టం తప్పు చేసిందని ఒప్పుకుంటే, ఆ తప్పుకు మూల్యం చెల్లించవలసినది చట్టం చేసిన రాజ్యం. బ్రిటన్‌లో యజమానులకు సొమ్ము ఇచ్చినది కనీసం బ్రిటిష్ ఖజానా. హైతీ విషయంలో మాత్రం అపహృతుడైన మనిషి తన శరీరపు ధరను అపహర్తకు స్వయంగా కట్టవలసి వచ్చింది. పరిహారపు లెక్కలో పొలాలు, మిల్లులు, ఇళ్లు మాత్రమే కాదు. వాటిలో పనిచేసిన మనుషులు కూడా ఉన్నారు. బ్రతికి ఉన్న హైతీ పౌరుడొకడు ఆ జాబితాలో పోయిన సొత్తుగా లెక్కకు వచ్చి, పన్ను కట్టేవాడుగా ఆ సొత్తు ధరను తానే చెల్లించాడు. ఒకే మనిషి ఒకే లెక్కలో వస్తువుగానూ, బాకీదారుగానూ ఉండడం ఏ ధర్మశాస్త్రానికీ పొసగదు. వస్తువుకు బాకీ ఉండదు. బాకీ పడగలిగినవాడు మనిషి అయితే, అతడు ఎన్నడూ ఎవరి ఆస్తీ కాడు.

మూడు ఆక్షేపణలు

హైతీ తరఫున ఇంతవరకు చెప్పినదానికి ఎదురయ్యే ఆక్షేపణలు ముఖ్యంగా మూడు.

మొదటిది, హైతీ పాలకులే అంగీకరించారన్నది. ఇందులో కొంత నిజముంది. 1814లోనే దక్షిణ ప్రాంతపు అధ్యక్షుడు పెతియోన్ పరిహారం ప్రతిపాదించాడు. ఉత్తరాన రాజ్యమేలిన క్రిస్టోఫ్ దానిని తిరస్కరించాడు. గుర్తింపు వస్తే వర్తకం పెరుగుతుందని, దండయాత్ర భయం తొలగుతుందని బోయే లెక్క వేశాడు. అయితే రేవులో ఫిరంగులు గురిపెట్టి ఉండగా పెట్టిన సంతకం సమ్మతి అనిపించుకోదు. సంతకం పెట్టిన చేతులు వేరు, కాఫీ కోసిన చేతులు వేరు అన్న సంగతి కూడా మరువరాదు. 1826లో బోయే తెచ్చిన గ్రామీణ స్మృతి రైతును తిరిగి తోటకు కట్టివేయడానికి ప్రయత్నించింది. అంతకు ముందు తూసాన్ కూడా 1800లో సైనిక క్రమశిక్షణతో తోటపనిని నిర్బంధం చేశాడు. పరాయి యజమానిపై గెలిచిన దేశంలో స్వదేశీ యజమాని వెలిశాడు. ఇది పాలకుల దోషాన్ని పెంచుతుంది గాని ఫ్రాన్సు దోషాన్ని తగ్గించదు.

రెండవది, కాలం. 1825 నాటివారెవరూ నేడు లేరు. తాతల తప్పుకు మనుమలను శిక్షించడం న్యాయమా? ఈ చిక్కును మన ధర్మశాస్త్రకారులు ఏనాడో గుర్తించారు. తండ్రి జూదానికో, మద్యానికో చేసిన అప్పును కొడుకు తీర్చనవసరం లేదని వారు విధించారు. అటువంటి దానిని అవ్యావహారిక ఋణమన్నారు. వడ్డీ అసలును మించరాదనే దాందుపట్ నియమం కూడా వారిదే. ఋణానికి కూడా ఒక నీతి, ఒక మేర ఉండాలన్నది వీటి సారం. ఈ దృష్టితో చూస్తే 1825 నాటి ఋణమే అవ్యావహారికం. దానిని హైతీ మనుమల చేత, మునిమనుమల చేత వసూలు చేసినప్పుడు కాలం అడ్డు రాలేదు. తరాల మీదుగా వసూలు చేయడానికి పనికివచ్చిన వారసత్వం తరాల మీదుగా తిరిగి ఇవ్వడానికి మాత్రం పనికిరాదనడం తర్కం కాదు. అదీగాక ఇక్కడ చెల్లించినది వ్యక్తి కాదు, రాజ్యం. పుచ్చుకోవడానికి ఏర్పాటు చేసినదీ రాజ్యమే. రాజ్యానికి మరణం లేదు. తన బాండ్లను, సంధులను, సరిహద్దులను తరతరాలుగా నిలుపుకొనే రాజ్యం తన బాధ్యతలను మాత్రం ఒక తరంతో దహనం చేయలేదు.

మూడవది, హైతీ దుస్థితికి దాని పాలకులే కారకులన్నది. 1957 నుండి 1986 వరకు సాగిన దువాలియే తండ్రీకొడుకుల నిరంకుశత్వం, ఖజానా దోపిడి, 2021 జూలైలో అధ్యక్షుడు జొవెనెల్ మోయిజ్ హత్య తరువాతి అరాచకం కాదనలేనివి. పేదరికానికంతటికీ ఒక్క 1825నే కారణంగా చూపడం చరిత్రను పలచన చేయడమే. కాని ఇక్కడి ప్రశ్న పేదరికానికి కారణమేమిటన్నది కాదు. అన్యాయంగా తీసుకున్న సొమ్ము తీసుకున్నవాడి వద్ద ఉండవచ్చునా అన్నదే. సొమ్ము పోగొట్టుకున్నవాడు తరువాత దుర్వ్యసనాల పాలైనంత మాత్రాన దొంగసొత్తు దొంగది కాదు. తిరిగి ఇచ్చిన ధనం ఎవరి చేతికి చేరాలి, ఎలా చేరాలి అన్నది నిజంగా కఠినమైన ప్రశ్న. అది చెల్లింపు విధానానికి సంబంధించినది, బాధ్యతకు సంబంధించినది కాదు.

భారతీయ అనుభవం

పరాధీనుడే తన పరాధీనతకు ఖర్చు భరించడం భారతీయులకు తెలియనిది కాదు. 1857 తిరుగుబాటును అణచడానికి అయిన వ్యయం భారత ఖజానాపైనే పడింది. ఈస్టిండియా కంపెనీ వాటాదారుల లాభాంశం, చివరకు 1874లో ఆ వాటాల విమోచన కూడా భారత రాబడిపైనే మోపబడ్డాయి. దాదాభాయి నౌరోజీ, రమేశ్ చంద్ర దత్తు అంకెలతో వాదించినది ఈ నైతిక వైపరీత్యాన్నే.

స్వతంత్ర భారతం ఇదే ప్రశ్నను తన ఇంట్లో రెండు విధాలుగా ఎదుర్కొంది. జమీందారీల రద్దులో, ఉదాహరణకు 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల చట్టంలో, జమీందారుకు ప్రభుత్వం పరిహారమిచ్చింది. భూమి ఆస్తి కాగలదు గనుక అక్కడ వివాదం మొత్తం గురించే సాగింది. మనిషి శ్రమను బందీ చేసిన చోట మాత్రం చట్టం వేరే మార్గం పట్టింది. 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టం వెట్టికి మూలమైన అప్పులన్నింటినీ ఒక్కమారుగా రద్దు చేసింది. యజమానికి పరిహారం లేదు. రద్దయిన అప్పు కింద ఒక్క రూపాయి పుచ్చుకున్నా అది నేరం. అలా పుచ్చుకున్న సొమ్మును కూలికి తిరిగి ఇప్పించే అధికారం కోర్టుకు ఉంది. దొరల గడీలలో తరాల తరబడి వెట్టి చేసిన తెలంగాణ పల్లెలకు ఈ చట్టపు అర్థం విడమరచి చెప్పనక్కరలేదు. అమలులో లోపాలెన్ని ఉన్నా అందులోని సూత్రం స్పష్టం: మనిషిని బంధించిన ఋణం ఋణమే కాదు, దాని పేరిట వసూలు చేసినది తిరిగి ఇవ్వవలసినదే. ఒక జిల్లాలోని వడ్డీవ్యాపారికి వర్తించే ఈ సూత్రం ఒక సామ్రాజ్యానికి వర్తించదనడానికి ఆధారమేమిటి?

క్షమించవలసినది ఎవరు?

2003 ఏప్రిల్‌లో, తూసాన్ మరణించి రెండు వందల ఏళ్లు నిండిన సందర్భంలో, అధ్యక్షుడు జాన్ బెర్త్రాన్ అరిస్తీద్ 2,100 కోట్ల డాలర్లకు పైగా తిరిగి ఇవ్వాలని ఫ్రాన్సును కోరాడు. 2004 ఫిబ్రవరిలో అతడు పదవీచ్యుతుడయ్యాడు. తరువాతి ప్రభుత్వం ఆ కోరికను విడిచిపెట్టింది. 2010 జనవరి భూకంపం అనంతరం ఫ్రెంచి అధ్యక్షుడు సర్కోజీ హైతీలో పర్యటించాడు. స్వాతంత్ర్యం తరువాత అక్కడికి వచ్చిన మొదటి ఫ్రెంచి దేశాధినేత అతడే. హైతీ తమకు ఉన్న 5 కోట్ల 60 లక్షల యూరోల బాకీని ఫ్రాన్సు అప్పుడు రద్దు చేసింది. ఉదారమైన చర్యే. కాని ఆ దృశ్యంలోని తలక్రిందుల భావాన్ని గమనించకుండా ఉండలేము: ఋణదాత ఆసనంలో అప్పటికీ కూర్చున్నది ఫ్రాన్సే. 2015లో అధ్యక్షుడు హొలాండ్ హైతీకి ఉన్న ఋణాన్ని తీరుస్తానన్నాడు. అది నైతిక ఋణమని, ధనఋణం కాదని అతని సహాయకులు వెంటనే వివరణ ఇచ్చారు.

2022లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక పరిశోధన జంట ఋణం కింద హైతీ చెల్లించినది 11 కోట్ల 20 లక్షల ఫ్రాంకులని, నేటి విలువలో సుమారు 56 కోట్ల డాలర్లని లెక్కకట్టింది. ఆ సొమ్ము దేశంలోనే ఉండి ఉంటే కలిగే వృద్ధిని లెక్కిస్తే నష్టం 2,100 కోట్ల నుండి 11,500 కోట్ల డాలర్ల వరకు ఉంటుందని అంచనా వేసింది. 2025 ఏప్రిల్ 17న, శాసనానికి రెండు వందల ఏళ్లు నిండిన నాడు, అధ్యక్షుడు మాక్రోన్ ఉభయదేశాల చరిత్రకారులతో ఒక సంఘాన్ని ప్రకటించాడు. సొమ్ము మాట ఎత్తలేదు.

నైతిక ఋణం, ధనఋణం అనే ఈ విభజనలో ఒక సౌకర్యం ఉంది. వసూలు చేసినప్పుడు ఫ్రాంకులు, తీర్చవలసినప్పుడు మాటలు. నిజమే, ఐదు లక్షల మంది బందీల బాధకు ధర కట్టడం ఎవరి తరమూ కాదు. అందుకు పశ్చాత్తాపం, పాఠ్యపుస్తకాలలో సత్యం, సమానుడిగా గౌరవం అవసరం. కాని 1825 తరువాత జరిగినది కొలతకు అందని బాధ కాదు. అది వాయిదాలతో, రసీదులతో, వడ్డీ రేట్లతో జరిగిన లావాదేవీ. లెక్కపుస్తకంలో జరిగిన అన్యాయాన్ని లెక్కపుస్తకంలోనే సవరించాలి. చరిత్రకారుల సంఘం సత్యాన్ని నిర్ధారించగలదు, అది అవసరమే. అయితే సత్యం తేలిన తరువాత దానితో ఏమి చేయాలన్నది చరిత్రకారులు తేల్చే విషయం కాదు. అది రెండు రాజ్యాల అంతరాత్మకు, వాటి ఆర్థిక శాఖలకు వదలిన ప్రశ్న.

స్వేచ్ఛ అమూల్యమని అందరూ అంటారు. ఆ మాటకు సరియైన అర్థం అది ఎంతో ఖరీదైనదని కాదు, దానికి ధర నిర్ణయించే అధికారం ఎవరికీ లేదని. ఒకసారి ఆ ధర నిర్ణయమై, వసూలు కూడా జరిగిపోయినప్పుడు, దానిని తిరిగి ఇవ్వడం దయ కాదు, సహాయం కాదు, అభివృద్ధి నిధి కాదు. పరుల సొత్తును పరులకు అప్పగించడం మాత్రమే.